కుడిచేతి ముద్ద

నాన్న నిద్రపోయే మధ్యాహ్నాల్లో నేను ఆయన కుడిచెయ్యి చూస్తూ కూర్చునేదాన్ని. అరుగు మీద నవారు మంచం. కొబ్బరాకుల సందుల్లోంచి జారిన వెలుగు ఆ అరచేతిలో పడి, కాసేపు ఊగి, వెళ్లిపోయేది. వెలుగు కదిలినప్పుడల్లా వేళ్లే కదిలాయనుకునేదాన్ని.

అల్లవరం దగ్గర రొయ్యల చెరువుల్లో వల విసిరిన చెయ్యి అది. రొయ్య ఎంత ఎదిగిందో చూడటానికి నాన్న గట్టు మీద నిలబడి విసిరితే, వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని చప్పుడు లేకుండా నీటి మీద వాలేది. ఒక చలికాలపు పొద్దున, మంచులో, కాలవగట్టు మీద బండి జారి ఆయన తల కల్వర్టు గోడకు తగిలింది. ఆపరేషన్ అయ్యాక మాట మెల్లగా తిరిగొచ్చింది. కుడిచెయ్యి కాస్త లేవడం తప్ప పనికి రాలేదు. అది వస్తేనే మళ్లీ చెరువు, మళ్లీ వల. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు.

అమలాపురంలో ఫిజియోథెరపీ చేసే ఆయన, దెబ్బ తిన్న మెదడులో నరాల కణాలు కొత్త కొమ్మలు వేయడానికి కొన్ని ప్రొటీన్లు సాయపడతాయని మాటల మధ్య చెప్పారు. అమ్మకు ఆ ఒక్క మాటే చెవిన పడింది. మర్నాటి నుంచి గుడ్లు, చేపలు, సున్నుండలు. పక్కింట్లో ఉండే మేనత్త, కువైట్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేసి ప్రొటీన్ పౌడర్ డబ్బా తెప్పించింది. మూడు పూటలా అమ్మే కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టేది. నాన్న బుద్ధిగా నోరు తెరిచేవాడు.

"నన్నూ చెరువులో వదిలేసేరు," అన్నాడు ఒకరోజు, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "పొద్దున్న మేత, సాయంత్రం మేత."

అందరం నవ్వాం. అమ్మ నవ్వుతూనే ఇంకో ముద్ద పెట్టింది.

నాకు మనుషులతో కంటే పుస్తకాలతో పొత్తు ఎక్కువ. కాలేజీ లైబ్రరీలో మెదడు గురించిన పుస్తకం ఒకటి దొరికితే, ఎవరూ ఏమిటని అడక్కుండా దానికి న్యూస్‌పేపర్ అట్ట వేసి, మంచం పక్కన కూర్చుని చదివాను. నరాల కణం పెంచే కొమ్మ కొస చిన్న అరచెయ్యిలా ఉంటుందట. లోపలి ప్రొటీన్ పోగులు ఒకవైపు అల్లుకుంటూ, ఒకవైపు విడిపోతూ దాన్ని ముందుకు నెడతాయట. దారి పొడుగునా వేరే ప్రొటీన్లు ఉంటాయి. కొన్ని ఇటు రమ్మంటాయి, కొన్ని ఆగమంటాయి. పెద్దవాళ్ల మెదడులో ఆగమనేవే ఎక్కువ. అందుకే తెగిన దారి చాలావరకు అతకదు. పక్కనున్న కణాలే కొత్త కొమ్మలు చాచి, ఆగిపోయిన పనిని కొంత అందుకుంటాయి.

అది చదివి కళ్లు మూసుకుంటే కాలవ కనిపించేది. వేసవిలో కట్టేసిన కాలవకు మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొట్టమొదట వచ్చే నీరు. ఎండుటాకుల్ని తోసుకుంటూ, పగుళ్ల దగ్గర ఆగి, ఆలోచిస్తున్నట్టు పక్కకు తిరిగే ఆ సన్నటి నీరు, నాన్న తలలో ఎక్కడో నడుస్తున్నట్టుండేది.

అయితే ఆ ప్రొటీన్లు గుడ్డులోంచి నేరుగా వెళ్లవు. తిన్నది కడుపులో చిన్న చిన్న ముక్కలైపోతుంది. వాటితో మెదడు తనకు కావలసినవి తనే తయారు చేసుకుంటుంది. చెయ్యి పనికి పూనుకున్నప్పుడు, తప్పిపోయి మళ్లీ పూనుకున్నప్పుడు, కొమ్మల్ని పెంచే ప్రొటీన్లు ఎక్కువవుతాయని జంతువుల్లో చూశారట. మనుషుల్లో ఎంతవరకో ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

నాన్న చేతికి మా ఇంట్లో ఏ పనీ లేదు. చొక్కా గుండీలు నేనే పెట్టేదాన్ని.

చెప్పాలని రోజూ అనుకుని, చెప్పకుండానే అంట్లు తోముకునేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం, అమ్మ పళ్లెం తీసుకుని కూర్చోగానే, "అమ్మా, నువ్వు పెట్టకు. నాన్నని తిననీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చదివినదంతా గబగబా చెప్పేశాను.

"నోట్లో నాలిక లేని పిల్ల డాక్టరమ్మ అయిపోయిందండీ," అంది పక్కింట్లోంచి వచ్చి కూర్చున్న అత్త. "బలం తిండిలో కాకపోతే ఎక్కడుంటాదే?"

తిండి వద్దనడం లేదన్నాను.

అమ్మ నావైపు చూడలేదు. "ఇదొక్కటేగా నా చేతిలో ఉంది," అంది.

నాన్నే అన్నాడు, "అమ్మాయి చెప్పింది నిజవేనే. రొయ్య నోట్లో మేత పెడతావా? అదే వచ్చి తినాలి."

అమ్మ పళ్లెం ఆయన ముందు పెట్టింది. కుడిచెయ్యి చాలాసేపటికి లేచింది. వేళ్లు అన్నం మీద వాలి, విచ్చుకుని, దారి మరిచిపోయినట్టు ఆగాయి. మొదటి ముద్ద ఒళ్లో పడింది. రెండోది గడ్డం దాకా వెళ్లి రాలిపోయింది. అమ్మ చెయ్యి తనకు తెలియకుండానే ముందుకొచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లి కొంగు పట్టుకుంది. పప్పు చల్లారిపోయింది. ఆ తర్వాత ఎన్నో ప్రయత్నానికో, కొన్ని మెతుకులు లోపలికి వెళ్లాయి.

నాన్న నెమ్మదిగా నమిలాడు.

"ఉప్పు చాల్లేదు," అన్నాడు.

అన్ని నెలలూ పెట్టింది పెట్టినట్టు తిన్న మనిషి. అమ్మ కళ్లు తుడుచుకుని లేచి వంటింట్లోకి వెళ్లింది. ఉప్పు గిన్నె తెచ్చింది. అన్నంలో కలపలేదు. ఆయన కుడివైపున, మూరెడు దూరంలో పెట్టి, పక్కన కూర్చుంది.