ఎర్రరంగు వేసిన చోటే బోరు వేశారు

"ఈ పటం కింద రంగుల వివరం తెలుగులో రాయించి, నేనే స్వయంగా తెచ్చి ఇస్తాను" అని మా భూగోళశాస్త్ర శాఖాధిపతి మార్టూరు అవతల ఒక మిరప ఊళ్లో రైతులందరి ముందు మాట ఇచ్చారు. అప్పటికి నా జుట్టు నల్లగానే ఉంది. బావి బావికీ తిరిగి, నీళ్లు సీసాల్లో పట్టి, ఎక్కడ తీపో ఎక్కడ ఉప్పో ఆ పటం గీసింది నేనూ నా విద్యార్థులూ. ఆయన మళ్లీ ఆ ఊరి మొహం చూడలేదు. అడిగి అడిగి నేను రిటైరయ్యాను. మొన్న ఆ శాఖ తన ఘనతలన్నీ నున్నటి కాగితం మీద అచ్చువేసింది. ఒక పేజీ నిండా నా పటం, పైన 'పల్లెకు చేరిన పరిశోధన' అన్న శీర్షిక! ఎలా చేరిందో చూద్దామని బయలుదేరాను.

గుంటూరులో ఉదయం ఏడింటికి ఒంగోలు బస్సెక్కాను. నాన్‌స్టాప్ అయితే మార్టూరులో ఆపరు, కండక్టర్ని ముందే అడగండి. చిలకలూరిపేట మీదుగా దారంతా పత్తి, మిరప. తొమ్మిదిలోపే దిగాను. గాలి నిండా రాతి పొడి. అక్కడి నుంచి ఆటోలో వెళ్లాలి, మనిషికి ముప్పై రూపాయలు.

"గ్రానైట్ కొంటానికొచ్చారా సార్?" అన్నాడు ఆటో నడిపే మస్తాన్‌వలి. ఊరి పేరు చెప్పాను.

"అయితే నీళ్ల సీసా కొనుక్కోండి. అక్కడ టీలో ఎంత పంచదార పోసినా ఉప్పే తగులుద్ది!"

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పంచాయతీ ఆఫీసు గోడకు నా పటం అద్దాల ఫ్రేములో ఉంది. రంగుల వివరం ఉండాల్సిన కింది అంచు కత్తిరించేసి, అక్కడ శాలువా కప్పుకున్న శాఖాధిపతి ఫొటో అతికించారు. దాని ముందు కోటేశ్వరమ్మ అనే మిరప రైతు నిలబడి వేలితో వెతుకుతోంది.

"ఏం చూస్తున్నారమ్మా?"

"రేపు మా మరిది బోరు వేయిస్తన్నాడండి. ఎర్రరంగులో ఎక్కడ వేద్దామా అని."

"ఎరుపులోనా? ఎందుకు?"

"ఎరుపు మంచిదే గదండీ! కాయ ఎర్రగుంటేనే గదా మిర్చి యార్డులో రేటు. నిరుడు మేమూ అక్కడే వేశాం. ఉప్పునీళ్లు పడి తోటంతా మాడిపోయింది. కాస్త పక్కకి జరిగితే మంచినీళ్లు పడతయ్యేమోనని..."

ఒళ్లు మండిపోయింది. "ఎరుపంటేనే ఉప్పునీరమ్మా! పచ్చరంగు తీపి! ఈ పటం గీసింది నేనే."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఆ ముక్క రాసి తగలెయ్యకపోయారా? ఈ పెద్దమనిషి బొమ్మ మాకెందుకు? వచ్చి చేనుకి నీళ్లు పోస్తాడా?" అని, అక్కడే మరిదికి ఫోన్ చేసింది. "ఏమయ్యా అంజయ్యా, బోరు బండిని రావద్దని చెప్పు. చెప్తా, ముందు ఆపు!"

పక్కనే ఉన్న బడి వంటగదిలో నాలుగు మెతుకులు అడిగి తెచ్చింది. తెల్లకాగితం మీద నేను పెద్ద అక్షరాలతో రాశాను: ఎరుపు - ఉప్పునీరు, పచ్చ - మంచినీరు. మెతుకులు మెదిపి, ఆ కాగితాన్ని సరిగ్గా శాలువా ఫొటో మీద అతికించాం.

తిరుగు బస్సులో కూడా కోపం చల్లారలేదు. నేల గురించి తెలిసిన విషయాన్ని ఆ నేల దున్నేవాళ్లకు చెప్పకుండా గోడకు వేలాడదీసి, దాన్ని ఘనత అని అచ్చువేసుకుంటే అది చదువు కాదు, మోసం. మీరు ఆ వైపు వెళ్తే తాగే నీళ్లు మార్టూరులోనే కొనుక్కోండి. ఊళ్లో ఎవరూ తిట్టుకోరు, అర్థం చేసుకుంటారు. ఫ్రేము కట్టినవాణ్ణి నేను తప్పుపట్టను. ఎరుపును నమ్మిన కోటేశ్వరమ్మనసలే తప్పుపట్టను. ఆ మాడిన తోటకు జవాబు చెప్పాల్సింది ఆనాడు మాట ఇచ్చిన మా శాఖాధిపతి, ఆచార్య చిరువోలు శేషగిరి.