పాత నంబర్లు రాసుకోలేదు

టీ కొట్టు దగ్గర మా కేబుల్ ఆయన అన్న మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ మంటే. "ఏం సాయిబూ, మీ ఇంట్లో ఉద్యోగాల సైట్లు తెగ తెరుస్తున్నారే! మిల్లు మానేస్తావా ఏంది?" అన్నాడు అందరి ముందూ. తెరిచింది నేను కాదు, నా భార్య. ఇంట్లోంచే పిల్లలకు ఆన్‌లైన్లో లెక్కలు చెప్పే పని కోసం వెతుకుతోంది. నేను పనిచేసే పత్తి జిన్నింగ్ మిల్లు వాళ్లు ఇద్దరు అక్కడే టీ తాగుతున్నారు. మర్నాడు మేనేజరు నన్ను పిలిచి, వెళ్లేట్టయితే ముందే చెప్పమన్నాడు.

చిలకలూరిపేటలో మా వీధికి ఇంటర్నెట్ ఇచ్చేది ఈ కేబుల్ ఆయనే. మేం ఏం చూస్తున్నామో ఆయనకెలా తెలుస్తోంది? పదో తరగతితో బడి మానేసినవాణ్ని, ఆ తర్వాత చదువంతా శాఖా గ్రంథాలయం బల్ల మీదే. అక్కడే ఒక కంప్యూటర్ పుస్తకంలో జవాబు దొరికింది. మనం సైటు పేరు కొడితే దాని నంబరు చెప్పే సర్వరు ఒకటుంటుంది, దాన్ని డీఎన్‌ఎస్ అంటారు. మా రౌటర్ ప్రతి పేరునూ కేబుల్ ఆయన సర్వర్నే అడుగుతోంది. అంటే ఏ గడప తొక్కుతున్నామో మేమే ఆయనకు చెప్పి వెళుతున్నామన్నమాట.

బయటి సర్వర్లు చాలా ఉన్నాయి. ఒకటి వేగమన్నారు, ఒకటి ఎవరేం అడిగారో రాసి పెట్టుకోదన్నారు. రౌటర్లో కేబుల్ ఆయన సర్వరు నంబర్లు తీసేసి, మూడు సాయంత్రాలు ఒక్కొక్కదాని నంబర్లు పెట్టి చూసి, రెండోదాన్ని ఖాయం చేశాను. పేజీలు కూడా చురుగ్గా తెరుచుకున్నాయి. కొత్త నంబర్లను నోటుబుక్కులో ముత్యాల్లా రాసుకున్నాను. ప్రశ్నను తాళం వేసి పంపకపోతే కేబుల్ ఆయన దారిలోనే వినగలడని తర్వాతి పేజీలో ఉంది. మా రౌటర్లో ఆ తాళం లేదు. అయినా సగం నయమే కదా అనుకున్నాను.

వారం తిరక్కుండా ఒక ఉదయం కరెంటు పోయి వచ్చింది. అలా పోయినప్పుడల్లా కేబుల్ ఆయన లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ కొడితేగానీ నెట్ రాదు. ఆ పేజీ తెరుచుకోలేదు. దాని పేరు ఆయన సర్వరుకు తప్ప లోకంలో ఇంకే సర్వరుకూ తెలియదని అప్పుడు అర్థమైంది. తీసేసిన పాత నంబర్లు నేనెక్కడా రాసుకోలేదు. రీసెట్ కొడితే రౌటర్లో ఆయన పెట్టిన సెట్టింగులన్నీ పోతాయి. పదకొండింటికి నా భార్య డెమో క్లాసు, అది బాగుంటేనే ఉద్యోగం. అప్పటికే పదిన్నర. ఫోన్లో నెట్ పెట్టి చూస్తే బొమ్మ బిగుసుకుపోతోంది.

కేబుల్ ఆయనకు ఫోన్ చేశాను. ఐదోసారికి ఎత్తాడు, అప్పటికి పదకొండు కావస్తోంది.

"కల్లంలో ఉన్నా. మబ్బేసింది, మిరపకాయల మీద పట్టలు కప్పుతున్నాం. రేపొస్తాలే."

"నువ్వు రానక్కర్లేదు, డీఎన్‌ఎస్ నంబర్లు చెబితే చాలు."

"దాంట్లో చెయ్యెందుకు పెట్టావురా? ఎవుడు చెప్పాడు?"

"లైబ్రరీలో చదివా."

"అయితే పోయి లైబ్రరీనే అడుగు." వెనకాల కూలీలు నవ్వారు. "అయినా అంత తొందరేంది నీకు?"

నిజం చెప్పలేక, "బంధువులబ్బాయి పరీక్ష..." అని నసిగాను. నా భార్య నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అన్నా, పరీక్ష నాకే. పదకొండింటికి క్లాసు చెప్పి చూపించాలి, ఉద్యోగం కోసం. నంబర్లు చెప్పన్నా."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా చెల్లెమ్మా! రాసుకో," అన్నాడు. వీధిలో ఇంటింటా తనే కొట్టిన నంబర్లు కాబట్టి చూడకుండానే చెప్పేశాడు.

పేజీ తెరుచుకునేసరికి పదకొండు దాటి పది నిమిషాలు. "మేడమ్, ఆలస్యమైంది," అని లాప్‌టాప్‌లోంచి ఎవరో అనడం వినిపించింది. ఆమె తలుపు వేసుకుంది.

బయటికొచ్చాక, "సైట్లో చెబుతారట," అంది. తర్వాత నా వైపు చూసింది. "నా సంగతి ఎవరికి తెలియకూడదో నన్నడిగారా మీరు? ఊరంతా తెలిసినా నాకేం ఇబ్బంది లేదు. నెట్ పోతేనే ఇబ్బంది."

"మా మేనేజరు..."

"అది మీ ఇబ్బంది. ఆయనకు మీరు చెప్పుకోండి."

రౌటర్లో ఇప్పుడు కేబుల్ ఆయన నంబర్లే ఉన్నాయి. జవాబు వచ్చిందేమోనని ఆమె రోజూ రెండుసార్లు ఆ సైటు తెరుస్తోంది. నేను పక్కనే కూర్చుని పళ్లు కొరుక్కుంటున్నాను.