మిరప నారుతో శ్రీశైలం దారిలో

గుంటూరులో పుట్టి, నలభై ఏళ్లొచ్చినా నల్లమల చూడలేదని ఆఫీసులో అందరూ నన్ను ఆటపట్టించేవాళ్లు. కొత్తగా కొన్న డిజిటల్ కెమెరాకి కూడా ఒక పని చూపించాలి కదా! అందుకే మొన్న ఆగస్టు ఆఖర్లో ఒక ఆదివారం పొద్దున ఆరింటికి శ్రీశైలం ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. టికెట్టు దాదాపు వంద రూపాయలు, ప్రయాణం ఏడు గంటలు. ఎడమవైపు ముందు కిటికీ సీటు కోసం అరగంట ముందే వెళ్లి రుమాలు వేశాను.

నరసరావుపేటలో ఏడుంబావుకి ఒక పెద్దావిడ రెండు బుట్టల మిరప నారుతో ఎక్కి నా పక్కన కూర్చుంది. తడి గోనెపట్టా కప్పిన ఆ బుట్టల్ని మా కాళ్ల దగ్గర సర్దింది. కండక్టరు వెనక్కి తిరిగి కేకేశాడు. “ఎడంపక్క షట్టర్లన్నీ దించండయ్యా! నారుకి గాలి కొడితే ఇంకేముంది?” ఎవరూ మారుమాట్లాడకుండా రేకు షట్టర్లు దించేశారు. నాకు ఒళ్లు మండింది. అరగంట కాపలా కాసిన కిటికీ అది. చేసేది లేక నేనూ దించాను.

ఆమెది త్రిపురాంతకం దాటాక ఒక పల్లె. వానలకి వాళ్ల నారుమడి కుళ్లిపోయిందట. తమ్ముడి దగ్గర మిగిలిన నారు తెల్లవారుజామున పీకించుకుని వస్తోంది. “మొన్న మంచి వాన పడింది బాబూ. నేల నాటుకి పదునుగా ఉంది, కూలోళ్లని పిలిచాం. ఈ సాయంత్రం నాటకపోతే ఈ యేడు మిరప లేనట్టే. ఇంక నారు ఎక్కడా దొరకదు” అంది.

ఎనిమిదిన్నరకి వినుకొండలో పావుగంట ఆపారు. బస్టాండు పక్క బండి మీద ఇడ్లీ బాగుంటుంది, కారప్పొడి అడిగి వేయించుకోండి. నేను తినొచ్చేసరికి ఆమె గోనెపట్టా మీద నీళ్లు చిలకరిస్తోంది. బస్సు కదిలాక, “రాత్రి నిద్ర లేదు బాబూ, కాస్త కునుకు తీస్తా. చూస్తుంటావా?” అంది. అలాగేనన్నాను.

కాసేపటికి షట్టరు సందులోంచి నీలంగా కొండల వరస కనబడింది. జానెడు ఎత్తాను. అది చాలక మొత్తం ఎత్తి, గోనెపట్టా కొస లేచి కొట్టుకుంటున్నా పట్టించుకోకుండా ఫొటోలు తీస్తూ కూర్చున్నాను. పత్తి చేలు, వాటి వెనక కొండలు, ఎర్రమట్టి దారులు. ఇరవై నిమిషాలు ఇట్టే గడిచిపోయాయి.

మెలకువ రాగానే ఆమె చెయ్యి ముందు బుట్ట మీదికే వెళ్లింది. నా వైపు ఉన్న బుట్టలో పైకట్టలు తలలు వాల్చేశాయి. ఆమె తిట్టలేదు. షట్టరు దించి, వాడిన కట్టలు ఒక్కొక్కటే తీసి ఒళ్లో పెట్టుకుంది.

“ఏ ఊరు బాబూ మీది?”

“గుంటూరేనండి.”

“గుంటూరోడివై ఉండి ఈ మాత్రం తెల్దా?”

సిగ్గుతో చచ్చిపోయాను. “మళ్లీ లేస్తాయా అమ్మా?” అనడిగాను. “లేస్తే లేచినట్టు. లేకపోతే అరెకరం బీడే” అంది. ఆమె ఊరి దగ్గర బుట్టలు నేనే దించాను. సైకిలు మీద వచ్చిన వాళ్లాయన గోనెపట్టా ఎత్తి చూసి, “ఏమైందే?” అన్నాడు. ఆమె నా వంకైనా చూడకుండా, “నిద్రపోయానయ్యా, నాదే తప్పు” అంది. నేను ఎక్కగానే బస్సు కదిలింది. తప్పు నాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

దోర్నాల దాటాక ఘాట్ రోడ్డు మొదలైంది. అన్ని కిటికీలూ తెరిచారు. లోయలు, వెదురు పొదలు, మలుపు మలుపుకీ కొత్త కొండ. అందరూ చెప్పినంత అందంగానే ఉంది నల్లమల. ఒంటిగంటకి శ్రీశైలం చేరాం. ఫొటోలు బాగా వచ్చాయని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. ఆ అరెకరం ఏమైందో మాత్రం నాకిప్పటికీ తెలియదు.

ఈ దారిన వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. మిరప నాట్ల రోజుల్లో మీ పక్కకి నారు బుట్ట వస్తే, అది దిగేదాకా కిటికీ తెరవకండి. కొండలు ఎక్కడికీ పోవు.