ఎడమవైపు బోల్టు

సుబ్బారావు రైఫిలు అందుకుని కుడి భుజానికి ఆనించాడు. కుడిచెయ్యి దానంతటదే పైకి లేచి బోల్టు కోసం వెతికింది. నున్నటి ఇనుము తగిలింది గానీ బోల్టు తగల్లేదు. ఇంకోసారి తడిమాడు. తుపాకీ దించి అటూ ఇటూ తిప్పి చూశాడు. బోల్టు ఎడమవైపు ఉంది.

"ఇదేంటండీ, తిరగేసి బిగించారు?" అన్నాడు నాతో.

నేను నోరు తెరిచేలోపే, ఎదురుగా కుర్చీలో కూర్చున్న వాళ్ల వదిన ఆదిలక్ష్మమ్మ జవాబు చెప్పింది.

"తిరగెయ్యలేదు. నాకు సరిగ్గానే ఉంది."

గుంటూరులో నాది తుపాకుల కొట్టు. అంతకుముందు చాలా ఏళ్లు ఒక దినపత్రికలో విలేకరిగా చేశాను. మా మేనమామ పోయాక ఆయన కొట్టు నా చేతికొచ్చింది. తుపాకుల వ్యాపారం అనగానే జనం ఏవేవో ఊహించుకుంటారు. నిజానికి మా గడప తొక్కేది బ్యాంకు కాపలాదార్లు, పంట కాపాడుకోవడానికి లైసెన్సు తెచ్చుకున్న రైతులు. వేటను ఎప్పుడో నిషేధించారు. చేను తొక్కేస్తున్న అడవిపందిని కొట్టాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి.

ఆ వదినా మరుదులు మొదటిసారి వచ్చింది యార్డుకు కొత్త మిర్చి దిగుతున్న రోజుల్లో. కొట్లో అందరం తుమ్ముతున్నాం. ఆదిలక్ష్మమ్మది పొదిలి దగ్గర పల్లె. శనగ, కంది, కొంత పత్తి వేస్తారు. భర్త పోయాక ఆయన పేరున ఉన్న తుపాకీ లైసెన్సు వారసురాలిగా ఆమెకు వచ్చింది. పాత తుపాకీ తుప్పుపట్టి పనికిరాకుండా పోయింది. కొత్తది కొనడానికి మరిది సుబ్బారావు కారులో ఎక్కించుకొచ్చాడు. అతనికి చీమకుర్తిలో గ్రానైటు లారీలు తిరుగుతాయి. మాట్లాడిందంతా అతనే.

"ఫ్యాక్టరీదే ఇప్పించండి. మూడు వందల పదిహేను బోరు. మా క్వారీ వాళ్ల దగ్గర చూశా, చేతిలో ఉంటే ఆ దర్జానే వేరు."

బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు. మా కొట్లో అమ్మే రైఫిళ్లలో ఆ బోరే పెద్దది. బలిసిన పందిని నిలబెట్టాలంటే అంత ఉండాలి. ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీలో తయారైందే తీసుకోమని నేనూ చెప్పాను. విడిభాగాలు దొరుకుతాయి, పాడైతే ఎక్కడైనా బాగుచేస్తారు, కాయితాలు పూర్తి కాగానే చేతికిచ్చేస్తాం. మా మెకానిక్ ఖాసిం ఖాళీ రైఫిలు ఒకటి తెచ్చి ఆమెకే ఇచ్చాడు. ఆమె దాన్ని ఎడమ భుజానికి ఆనించింది.

"పుర్రచెయ్యా పిన్నీ?" అన్నాడు ఖాసిం.

"పుట్టిందగ్గర్నించీ."

సుబ్బారావు నవ్వాడు. "భుజం మార్చుకో వదినా. వారంలో అలవాటవుద్ది."

"అన్నం కుడిచేత్తో తినమన్నారు, తిన్నా. పసుపూ కుంకం కుడిచేత్తో ఇమ్మన్నారు, ఇచ్చా. రాయి పెట్టి ఒడిసెల మాత్రం ఈ చేత్తోనే తిప్పా. అప్పట్లో నేను మంచె మీద ఉండగా మన జొన్నకంకి మీద పిట్ట వాలిందేమో ఊళ్లో అడుగు."

"పిట్టా పందీ ఒకటేనా?"

"పంది ఇంకా పెద్దది. తేలిగ్గా తగులుద్ది."

చిక్కు ఎక్కడుందో చెప్తాను. బోల్టు అంటే తుపాకీ పక్కనుండే ఇనుప పిడి. ఒకసారి పేల్చాక దాన్ని ఎత్తి వెనక్కి లాగితే కాలిన డొల్ల బయట పడుతుంది. ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికి వెళ్తుంది. ఫ్యాక్టరీ రైఫిలుకు అది కుడివైపు ఉంటుంది. ఎడమచేతి వాటం మనిషి ప్రతి తూటాకూ తుపాకీ దించి, చెయ్యి పైనుంచి తిప్పి లాగాలి. దెబ్బతిన్న పంది అంతసేపు ఆగదు. దానికితోడు భుజానికి ఆనే వెనక చెక్క కూడా కుడి బుగ్గకు తగ్గట్టు చెక్కి ఉంటుంది.

ఆమె సూటిగా అడిగింది గనక ఉన్నమాట చెప్పాను. లైసెన్సున్న చిన్న కార్ఖానా ఒకటి ఉత్తరాదిలో ఉంది. ఒక మనిషి కొలతలు పంపితే ఆ మనిషికి సరిపోయేలా, అదే బోరులో, బోల్టు ఎడమవైపు పెట్టి చేసిస్తారు. ఆలస్యం మాత్రం బాగా అవుతుంది.

"ఈ పంట కూడా పోవచ్చమ్మా," అన్నాను.

"పోయినేడు పందులే తిన్నాయి, ముందటేడూ అవే తిన్నాయి. ఇంకొక్కటి తిననీండి. చేయించండి."

సుబ్బారావు ముఖం మాడ్చుకుని తుమ్ముకుంటూ కారెక్కాడు. సరేలే, ఎలా ఉన్నా తుపాకీ తుపాకీయే కదా అనుకున్నాడేమో, ఆర్డరుకు అడ్డుపడలేదు.

కొలతలకు ఆమె ఒక్కతే బస్సులో వచ్చింది. ఖాసిం మోచేతి మడత నుంచి చూపుడువేలి కణుపు దాకా టేపు పట్టాడు. బుగ్గ ఎముక ఎత్తు చూశాడు. "జాకెట్టు కుట్టించుకోడానికి వచ్చినట్టుందయ్యా," అని నవ్వి, అంతలోనే "ఆగు," అంది. సంచిలోంచి మగవాళ్ల పొడుగుచేతుల చొక్కా ఒకటి తీసి చీర మీద తొడుక్కుంది. మిర్చి కోతకు, పత్తి తీతకు మా వైపు ఆడవాళ్లు చీర మీద చొక్కా వేసుకోకుండా వెళ్లరు. అది ఆమె భర్త చొక్కా.

"చేలో ఉండేది ఇట్టా. ఇప్పుడు కొలువు."

ఖాసిం మళ్లీ మొదట్నుంచీ కొలిచాడు. చొక్కా మందం మేరకు చెక్క పొడవు తగ్గించి రాశాడు. పొదిలిలో మంచె మీద చొక్కాతో కూర్చునే మనిషికి సరిపోయే కొలతలు ఆ రోజు మా కొట్టు నుంచి ఉత్తరాదికి వెళ్లాయి.

రైఫిలు తయారై మా కొట్టుకు వచ్చిన రోజే మొదట చెప్పిన సంగతి జరిగింది. ఆదిలక్ష్మమ్మ సరిగ్గానే ఉందనగానే సుబ్బారావు తుపాకీని ఎడమ భుజానికి మార్చి చూశాడు. చెక్క అతని దవడకు పొడుచుకుంది. మోచెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మరి నేనెట్టా కాల్చేది?" అన్నాడు.

ఖాసిం ఆకురాయి రుద్దడం ఆపాడు.

"నిన్నెవరు కాల్చమన్నారు?" అంది ఆమె.

"నో అబ్జెక్షన్ ఇచ్చింది నేను! అన్న లైసెన్సు నాకు రావాల్సింది. నీ పేరునుంటే ఏంలే, ఇంట్లోదేగా అని సంతకం పెట్టా."

"ఇంట్లోదే. నేను ఇంట్లో దాన్ని కానా? లారీలు నీయి. నేనెప్పుడన్నా స్టీరింగు అడిగానా?"

"ఆడమనిషి మంచెక్కి పందుల్ని కొడితే ఊళ్లో నవ్వుతారు వదినా."

"నవ్వనీ. మంచె మీదికి బాగా వినపడుద్ది, ఎవరు నవ్వారో."

లేచి చొక్కా తొడుక్కుంది. అతని చేతిలోంచి రైఫిలు తీసుకుని ఎడమ భుజానికి ఆనించింది. బుగ్గ చెక్క మీదే ఉంది, చూపు గొట్టం చివరనే ఉంది. ఖాళీ బోల్టు వెనక్కి వెళ్లి ముందుకు వచ్చింది. సుబ్బారావు తల పక్కకు తిప్పుకున్నాడు.

మా వ్యాపారంలో ఇది కొత్త కాదు. లైసెన్సు ఒకరిది, పేల్చేది ఇంకొకరు. ముసలి తండ్రి పేరున తుపాకీ, కొడుకు కారులో ప్రయాణం. చట్టం ఒప్పుకోదు, ఊరు పట్టించుకోదు. ఫ్యాక్టరీ రైఫిలు కుడిచేతి వాటం వాళ్లలో ఎవరి భుజానికైనా సరిపోతుంది. కొట్లో నిలబడి మేం గొప్పగా చెప్పే సుగుణం అదే. కొన్ని ఇళ్లలో దాని దోషమూ అదే. ఆ సంగతి ఆదిలక్ష్మమ్మకు మొదటి రోజే తెలుసు. ఎడమచేతి వాటం ఒక్కటే ఆమె బాధ అనుకున్నది మేము. అప్పట్నుంచీ ఎవరొచ్చినా నేను ముందు బోరు అడగడం మానేశాను. పేల్చేది ఎవరని అడుగుతున్నాను. కొందరు ఆ మాటకే లేచి వెళ్లిపోతున్నారు. వెళ్లనివ్వండి.

సుబ్బారావు ఊరుకోలేదు. తన అంగీకారం వెనక్కి తీసుకుంటున్నానని కలెక్టరాఫీసులో పిటిషన్ పెట్టాడు. విచారణ తేలేదాకా రైఫిలు కొట్టులోనే ఉంచమని అక్కణ్ణించి నాకు మాట వచ్చింది. ఆ తర్వాత పలుకుబడి ఉన్న పెద్దమనిషి ఒకాయన ఫోను చేశాడు.

"ఆవిడకి నచ్చజెప్పి ఫ్యాక్టరీది తీసుకోమనండి. ఇతను పిటిషన్ వెనక్కి తీసుకుంటాడు. మీకూ గొడవుండదు."

"లైసెన్సు ఎవరిదో కొలత వాళ్లదేనండీ," అన్నాను. ఆయన ఫోను పెట్టేశాడు.

ఆ రాజీ మాట ఆదిలక్ష్మమ్మకూ చేరవేశాను. తనకు తెలియకుండా నేనే కాదనడం తప్పు. ఆమె కొట్లో నిలబడే వింది.

"ఫ్యాక్టరీది ఇంటికొస్తే నాకంటే ముందు మా మరిది కారెక్కుద్ది. నాకొద్దు. ఇది ఇక్కడే ఉండనీండి."

"పందులో?"

"ఒడిసెల ఉందిగా."

వచ్చినప్పుడల్లా ఆమె రైఫిలు అడిగి తీసుకుని, గొట్టం శుభ్రం చేసి, నూనె గుడ్డతో తుడిచి, ఒకసారి భుజానికి ఆనించి ఖాసింకు తిరిగి ఇస్తుంది. చొక్కా మోసుకు రావడమెందుకని మా దగ్గరే ఉంచింది.

పొదిలి వైపు ఈ ఏడూ శనగ వేశారు, మొక్క పూత మీదుంది. విచారణకు ఇంకా తేదీ వెయ్యలేదు. ఒక్క తూటా కూడా పేల్చని రైఫిలు నా ఇనప్పెట్టెలో ఉంది, ఆ చొక్కా పక్కన.