ఆదివారం దారాలు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. గ్రహణం పట్టిన ఆ మధ్యాహ్నం, నెలలు నిండుతున్న అక్క కదలకుండా పడుకుని, పచ్చి మామిడికాయ కావాలని గుసగుసగా అడిగింది. అమ్మ కన్నుగప్పి కోసి, ఉప్పూకారం అద్ది ఇచ్చింది నేనే.

పాప పుట్టిన మూడోవారంలో ఎడమ కనురెప్ప మీద ఎర్రటి చుక్క కనబడింది. రెండు నెలలకు శనగగింజంత ఉబ్బింది. "గ్రహణం మచ్చ" అంది అమ్మ. పక్కింటి పిన్ని అక్కను వదల్లేదు.

"ఏమే, ఆ పూట ఏమన్నా తిన్నావా? కోశావా?"

"ఏం లేదు పిన్నీ" అంది అక్క, నా వైపు చూడకుండా. ఆ తర్వాత మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

చూడవచ్చినవాళ్ళ కంట పడకుండా అమ్మ దానిమీద రోజూ కాటుక దట్టంగా పూసేది. నీళ్ళు పోశాక, కాటుక పెట్టేలోపు, పాప నా ఒళ్ళో ఉండేది. ప్రతి ఆదివారం మచ్చ పొడవుకు దారం తెంపి డైరీలో అంటించేదాన్ని. నాకు చేతనైంది అదొక్కటే. వారం వారం దారం పొడుగైంది. ఒక ఆదివారం ఇలా రాశాను: రెప్ప బరువుకు ఎడమ కన్ను సగమే తెరుచుకుంటోంది. ఆ వాక్యం అక్కకు చదివి వినిపించడానికి నాకు మూడు రోజులు పట్టింది.

మర్నాడే రొంపిచెర్లలో బస్సెక్కి నరసరావుపేట వెళ్ళాం. పిల్లల డాక్టరమ్మ తడి దూదితో కాటుక తుడిచింది.

"ఎప్పుడు మొదలైంది? ఎంత తొందరగా పెరిగింది?"

నేను డైరీ తీసి బల్లమీద పెట్టాను. ఆమె దారాలను ఒక్కొక్కటే వేలితో తడిమి చూసింది.

"ఇది రక్తనాళాలు గుంపుగా పెరిగిన గడ్డ. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. తల్లి తిన్నదానికీ లేదు. వీపు మీదైతే చూస్తూ ఊరుకునేదాన్ని, కొన్నేళ్ళకు అదే తగ్గేది. కంటికి అడ్డమొస్తే చూపు దెబ్బతింటుంది. మందు వాడాల్సిందే. కాటుక మానండి."

గుండె పరీక్ష చేయించి మందు మొదలుపెట్టారు. పాలు తాగాకే పట్టాలి. తాగని పూట పట్టకూడదు. ఆ లెక్కంతా నా డైరీలోనే.

దారాలు కురచబడ్డాయి. ఎరుపు మధ్యలో బూడిదరంగుకు తిరిగింది. కన్ను పూర్తిగా తెరుచుకున్న నెలలోనే అక్క పాపను తీసుకుని మాచర్లలోని అత్తగారింటికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆదివారాలు పొద్దుపోదు. ఫోన్‌కు ఫొటో వస్తుంది. వేళ్ళతో లాగి ఎంత పెద్దది చేసినా ఆ తల బరువు నా మోచేతికి తెలియదు. ఖాళీ పేజీ మీద దారం ముక్క పెట్టి, చూసి, తీసేస్తాను.

నిన్న అక్క ఫోన్ చేసింది. ఎన్నాళ్ళుగానో నోట్లోనే ఉన్నది అడిగేశాను.

"అక్కా, ఆ రోజు మామిడికాయ..."

"అడిగింది నేను, కోసిచ్చింది నువ్వు. చానా బాగుంది" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "నీ బిడ్డ రెండు కళ్ళతో తలుపు వంక చూస్తందే. ఈసారి దారం తేమాకు. ఊరికే రా."