అవనిగడ్డ నిమ్మరంగు కోలియస్

నేను రాసిన కథనం అచ్చయిన ఆదివారం మధ్యాహ్నానికి, అవనిగడ్డలో వరలక్ష్మి గారి కోలియస్ కుండీలో మోళ్లే మిగిలాయి. అప్పుడు నేను మచిలీపట్నంలో ఒక దినపత్రికకు స్టాఫ్ రిపోర్టర్‌ని. రిటైర్మెంట్‌కు రెండేళ్లుంది.

వరలక్ష్మి గారు ఇంట్లోనే జాకెట్లు కుట్టేవారు, వరండాలో కోలియస్ పెంచేవారు. పూల కోసం కాక ఆకుల రంగుల కోసం పెంచే మొక్క అది. ఆవిడవన్నీ మామూలు రకమే: ముదురు ఎరుపు ఆకు, చుట్టూ పచ్చ అంచు. వాటిలో ఒక్క కొమ్మ మాత్రం నిమ్మపండు రంగు ఆకులు, ఊదా ఈనెలు వేసింది. దాన్ని తుంచి, గ్లాసు నీళ్లలో వేరు పట్టించి, వేరే కుండీలో నాటారు. చివుళ్లు గిల్లి గుబురు చేశారు. పూత వస్తే ఆకు చిన్నదవుతుందని కంకి కనబడగానే తీసేసేవారు. బోరు నీళ్ల ఉప్పుకు ఆకుల అంచులు మాడుతున్నాయని కాలువ నీళ్లే మోసేవారు.

ఇది కొత్త రకమేమో చూడటానికి ఉద్యాన శాఖ అధికారి సోమవారం వస్తానన్నారు. రంగు మొక్కంతా నిలిచిందో లేదో నిండు మొక్కను చూస్తేనే తేలుతుంది. కొమ్మ తుంచితే గుబురు చెడుతుందని వరలక్ష్మి గారు దాన్నుంచి రెండో మొక్క నాటలేదు.

“పేరు వేసుకోండి అన్నయ్య గారూ, వీధి మాత్రం వద్దండి” అన్నారావిడ. వీధి లేకుండానే పంపాను. శనివారం సాయంత్రం డెస్క్ నుంచి సబ్ ఎడిటర్ ఫోన్ చేశాడు. “ఎక్కడో చెప్పకపోతే రేపు జనం నన్ను తింటారు గురువు గారూ!” ఫీచర్ చివర చిరునామా ఇవ్వడం మా అలవాటు. ఆ అలవాటుకొద్దీ చెప్పేశాను.

సోమవారం అధికారితో పాటు నేనూ వెళ్లాను.

“గుమ్మంలోకొచ్చి ఒక్క రెమ్మ అడిగితే లేదని ఎట్లా అంటామండీ? మీరు పేపర్లో వేశారు, వాళ్లు కవర్లు పట్టుకొచ్చారు. ఒకావిడైతే కత్తెర కూడా తెచ్చుకుంది. టైలరింటికండీ!” అన్నారు వరలక్ష్మి గారు.

అధికారి నవ్వలేదు. మోళ్లు చిగురించాక కబురు చేయమన్నారు. మూడు వారాలకు చిగుళ్లొచ్చాయి, అన్నీ ఎరుపూ పచ్చా. కోలియస్‌లో కొత్త రంగు ఇలా పాతదానికి మళ్లడం మామూలేనని ఆయన చెప్పారు.

వార్తలో ప్రతి వివరానికీ ఒక యజమాని ఉంటాడు, చిరునామాకు కూడా. ఇవ్వవద్దన్నది డెస్క్ అడిగినా ఇవ్వకూడదు. అది నేను ఉద్యోగం చివర్లో నేర్చుకున్నాను.

రెమ్మలు తీసుకెళ్లినవారు ఒక్కటి తిరిగి తెచ్చివ్వమని మళ్లీ వార్త రాశాను. ఇద్దరు వచ్చారు, చల్లపల్లి నుంచి ఒకరు, గుడివాడ నుంచి ఒకరు. రెండు మొక్కలూ ఎరుపే. అవి ఆవిడ కుండీలోని రెమ్మలేనా, రంగు మళ్లాయా అన్నది తేలలేదు. మిగతా రెమ్మలు ఎవరి ఇళ్లలో ఉన్నాయో, వాటిలో ఒక్కదానికైనా నిమ్మరంగు నిలిచిందో లేదో ఇవాళ్టికీ తెలియదు.