ధనలక్ష్మి పైపన్ను

2013. శ్రీకాకుళంలో నేను పళ్ల ఆసుపత్రి పెట్టిన కొత్త. ఒక కుర్చీ, ఒక ఎక్స్‌రే మిషను, ఒక కాంపౌండరు. కళింగపట్నం వైపు నుంచి పిల్లల్ని తెచ్చేవాళ్లు తక్కువ. పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోయేవాటికి బస్సెక్కడం దేనికని వాళ్లు అనుకునేవారు. పైగా ఇటు వస్తే ఆ రోజు చేపల అమ్మకం పోయినట్టే.

పోలమ్మ మాత్రం ఏడేళ్ల మనవరాలు ధనలక్ష్మిని తీసుకొచ్చింది. పిల్ల తండ్రి గుజరాత్‌లో చేపల బోటు మీద ఉన్నాడు, తల్లి గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరుగుతోంది. పైవరసలో దవడపన్ను పుచ్చి, వేరు దగ్గర చీముగడ్డ కట్టింది. మేం యాబ్సెస్ అంటాం. పన్ను తీసేస్తే చీము బయటికి వచ్చేస్తుంది.

"పైపన్నా? వద్దమ్మా. పైపన్ను పీకితే కంటి నరం తెగిపోతాది. ఆడగుంట, సూపు పోతే దీని బతుకేటి?" అంది పోలమ్మ.

"అలాంటి నరమేదీ లేదు మామ్మా. పన్ను ఉంచితేనే ప్రమాదం."

"నువ్వు సదువుకున్నావు, కాదనను. మాతర్లు రాసియ్యి. దాని బాబుకి ఫోన్ సేసి అడుగుతాం."

ఎక్స్‌రే చూపించాను, బతిమాలాను, చివరికి కోప్పడ్డాను. నా కోపానికి మా కాంపౌండరు హడలిపోతాడు గాని పోలమ్మ చలించలేదు. పెద్దవాళ్లు ఒప్పుకోకుండా పిల్ల నోట్లో పట్టకారు పెట్టలేను. యాంటీబయాటిక్ రాసిచ్చాను. నొప్పి తగ్గగానే మందులు ఆపేశారు.

మళ్లీ తెచ్చేసరికి చెంప పొంగి, ఎడమకన్ను మూసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది. అప్పటికప్పుడు అంబులెన్సులో విశాఖపట్నం పంపాను. అక్కడ పన్ను తీశారు, చీము తీశారు. అది అప్పటికే కంటి వెనక్కి పాకింది. పిల్ల బతికింది గాని ఆ కంటికి చూపు రాలేదు.

ఊరి వాళ్లకి కనబడింది ఒక్కటే: పన్ను తీశారు, కన్ను పోయింది. చాలాకాలం అటు నుంచి ఒక్క పిల్ల కూడా నా గడప తొక్కలేదు. కడుపు మండిపోయేది. కానీ ఎవరిని తిట్టను? పోలమ్మ కాపాడుకోవాలనుకున్నది ఆ కన్నునే.

2017లో ఒక రోజు పోలమ్మ మళ్లీ వచ్చింది. వెంట పక్కింటి కోడలు, ఆమె చంకలో బుగ్గ వాచిన పిల్లాడు. వాడిదీ పైపన్నే. తీయాలనగానే తల్లి పిల్లాణ్ని ఎత్తుకుని లేచిపోయింది. పోలమ్మ ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"కూకోవే. పన్ను తీసినందుకు కాదే మా గుంట కన్ను పోనాది. నాను తియ్యనివ్వక పోనాది."

తల్లి కూర్చుంది. ఎక్స్‌రేతో నేను ఒప్పించలేనిది ఆ ఒక్క మాటతో అయిపోయింది. ఇప్పుడు ఏ పిల్ల వచ్చినా, నోరు తెరవమనే ముందు, పళ్ల గురించి మీ ఊళ్లో ఏమనుకుంటారని ఇంటి పెద్దల్ని అడుగుతాను. భయం ఎక్కడుందో తెలియకుండా పన్ను దగ్గరికి వెళ్లను.

ఆ రోజు పిల్లాడి తల పోలమ్మే కదలకుండా పట్టుకుంది. ఆవిడ కన్నీళ్లు వాడి నుదుటి మీద పడుతూనే ఉన్నాయి. తుడుద్దామంటే నా చేతులు ఖాళీ లేవు.